కుడి అణువు, ఎడమ అణువు: వెంట్రుకంత గొట్టంలో వేరుచేయడం

అమెరికాలో ఏప్రిల్ నెల వచ్చిందంటే సగం మంది తుమ్ములతోనే పలకరించుకుంటారు. మందుల షాపులో అలర్జీ మాత్రల వరస ముందు నిలబడి చూడండి. జిర్టెక్ అని ఒక డబ్బా ఉంటుంది. అందులో సెటిరిజిన్ అనే మందు 10 మిల్లీగ్రాములు. పక్కనే జైజాల్ అని ఇంకో డబ్బా. అందులో లెవోసెటిరిజిన్ 5 మిల్లీగ్రాములు. రెండూ రోజుకొక మాత్రే, రెండూ చేసే పని ఒకటే. పేరు ముందు "లెవో" అని రెండక్షరాలు చేరేసరికి మోతాదు సగానికి ఎందుకు పడిపోయింది? ఈసారి వ్యాసం ఆ "లెవో" గురించి, డబ్బాలో ఉన్నది నిజంగా "లెవో"యేనా కాదా అని తేల్చే ఒక పద్ధతి గురించి. పద్ధతి పేరు కొంచెం పొడుగు: కేపిలరీ ఎలెక్ట్రోక్రొమటోగ్రఫీ. కంగారు పడకండి. కెమిస్ట్రీని ఇంటర్మీడియట్‌తోనే వదిలేసి కంప్యూటర్ల వైపు వచ్చేసిన వాళ్ళని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను.

కార్బన్ పరమాణువుకి నాలుగు చేతులుంటాయని చదువుకున్నాం కదా. ఆ నాలుగు చేతులూ నాలుగు వేరువేరు గుంపుల్ని పట్టుకున్నాయనుకోండి. అప్పుడు వాటిని అమర్చడానికి రెండు మార్గాలుంటాయి. ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబం. మీ కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ లాగన్నమాట. వేళ్ళ లెక్క ఒకటే, పొడవులు ఒకటే, కానీ ఎంత తిప్పినా ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చోవు. ఈ గుణానికి లార్డ్ కెల్విన్ 1890ల్లో, గ్రీకు భాషలో చెయ్యి అనే మాట నుంచి, "కైరాలిటీ" అని పేరు పెట్టాడు. తెలుగులో చేతివాటం అనొచ్చు. మన వాడుకలో చేతివాటం అంటే చిల్లర దొంగతనం అని కూడా అర్థం ఉంది, అది వేరే వ్యాసం.

సెటిరిజిన్‌లో అలాంటి కార్బన్ ఒకటుంది. ఫ్యాక్టరీలో మామూలుగా తయారుచేస్తే కుడివీ ఎడమవీ సరిసమానంగా వస్తాయి. దీన్నే రెసిమిక్ మిశ్రమం అంటారు. హిస్టమిన్ గ్రాహకాన్ని పట్టుకోవడంలో ఆ రెంటిలో ఒకటి రెండోదాని కన్నా సుమారు ముప్పై రెట్లు గట్టిది. అంటే 10 మిల్లీగ్రాముల జిర్టెక్ మాత్రలో దాదాపు 5 మిల్లీగ్రాములు ఊరికే ప్రయాణం చేసి వెళ్ళిపోతున్నాయి. జైజాల్‌లో ఆ ప్రయాణికుణ్ణి దింపేశారు.

పేర్ల దగ్గర ఒక చిన్న హెచ్చరిక. "లెవో" అంటే ఆ ద్రావణం కాంతి తలాన్ని ఎడమవైపు తిప్పుతుందని. ఇది ప్రయోగంలో కొలిచే సంగతి. "ఆర్", "ఎస్" అనే గుర్తులు మాత్రం పరమాణువుల అమరికని కాగితం మీద లెక్కకట్టి పెట్టేవి. ఆర్ అనేది లాటిన్‌లో కుడికి సంకేతం. ఈ రెండు పద్ధతులకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అందుకే లెవోసెటిరిజిన్ పేరులో ఎడమ, గుర్తులో కుడి! బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ గొడవ మనకొక్కళ్ళకే సొంతం కాదని తెలిస్తే కొంచెం ఊరట.

ఇంతకీ శరీరానికి ఈ కుడి ఎడమల పట్టింపు ఎందుకు? శరీరమే చేతివాటం ఉన్న సరుకుతో కట్టింది కాబట్టి. మన ప్రోటీన్లన్నీ ఒకే వాటం ఉన్న అమైనో ఆమ్లాలతో, మనం అరిగించుకునే చక్కెరలన్నీ ఇంకో వాటంతో తయారయ్యాయి. కార్వోన్ అనే పదార్థం ఒక రూపంలో పుదీనా వాసన, దాని ప్రతిబింబం సోయికూర గింజల వాసన. పరమాణువులు అవే, బంధాలు అవే, ముక్కు మాత్రం తేడా చెప్పేస్తుంది. మన ఊళ్ళలో ఒంటికి తగిలితే దురద పుట్టించే దూలగొండి తెలుసు కదా. దాని గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లోనే దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు మద్రాసులో వేరుచేసి చూపించారు. పార్కిన్సన్ జబ్బుకి ఇప్పటికీ వాడే మందు అదే. 1960ల్లో మొదట కుడి ఎడమలు కలిపిన డోపా ఇచ్చినప్పుడు కొందరు రోగుల్లో తెల్ల రక్తకణాలు తగ్గిపోయాయి. తరవాత ఎల్ రూపం ఒక్కటే ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ ఒక్క రూపాన్నే నేరుగా తయారుచేసే పద్ధతి కనిపెట్టిన నోల్స్‌కి 2001లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది.

థాలిడొమైడ్ కథ చాలామంది వినే ఉంటారు. 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చింది, గర్భిణులు వేవిళ్ళకి కూడా వాడారు. 1961 నవంబరులో వెనక్కి తీసుకునేలోగా పదివేల మందికి పైగా పిల్లలు అవయవలోపాలతో పుట్టారు. అమెరికాలో ఎఫ్.డి.ఎ. అధికారిణి ఫ్రాన్సెస్ కెల్సీ సంతకం పెట్టకుండా ఆపబట్టి ఇక్కడ ఆ ఉపద్రవం చాలావరకు తప్పింది. "ఒక రూపం మంచిది, రెండోది చెడ్డది, వేరుచేసి ఇచ్చి ఉంటే సరిపోయేది" అని ఈ కథని ముగించడం అలవాటైపోయింది. అది సరికాదు. థాలిడొమైడ్ రెండు రూపాలూ శరీరంలో కొద్ది గంటల్లోనే ఒకదానిలోకి ఒకటి మారిపోతుంటాయి. శుద్ధమైన కుడి రూపం మింగినా రక్తంలో ఎడమది తయారవుతుంది. ఈ సంగతి ఎలా తెలిసింది? రక్తం తీసి, రెండు రూపాల్నీ వేరుచేసి, గంట గంటకీ కొలిస్తే తెలిసింది. కాబట్టి వేరుచేయడం అనేది ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర ఆగే పని కాదు. 1992లో ఎఫ్.డి.ఎ. ప్రకటించిన విధానం కూడా ఇదే దారిలో ఉంది: కైరల్ మందు తెచ్చేవాళ్ళు రెండు రూపాల్నీ విడివిడిగా కొలిచే పద్ధతి ముందుగానే తయారుచేసుకోవాలి.

కొలవడంలోనే ఉంది అసలు చిక్కు. రెండు రూపాల బరువు ఒకటే. మరిగే ఉష్ణోగ్రత, కరిగే గుణం, నీటిలో ఆమ్లత్వం అన్నీ ఒకటే. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఏ ఫంక్షన్ పిలిచినా రెండు ఆబ్జెక్టులూ ఒకే విలువ తిరిగిస్తున్నాయి. పోల్చి చూస్తే సమానం అంటుంది, కానీ సమానం కావు.

గుడి బయట కరెంటు పోయిన చీకట్లో చెప్పుల కుప్ప ఉందనుకోండి. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే సైజు. కుడివి ఒకవైపు, ఎడమవి ఒకవైపు వెయ్యాలి. త్రాసులో పెడితే తేడా లేదు, స్కేలుతో కొలిస్తే తేడా లేదు. ఉన్న ఉపాయం ఒకటే, కాలు పెట్టి చూడటం. కాలికి కుడి ఎడమలు ఉన్నాయి కాబట్టి చెప్పుకి కుడి ఎడమలు తెలుస్తాయి. అణువుల విషయంలోనూ ఇంతే. చేతివాటం ఉన్న ఇంకో వస్తువుతో తగిలిస్తే తప్ప తేడా బయటపడదు. ఆ వస్తువుని కైరల్ సెలెక్టర్ అంటారు.

ఈ మాటకి చరిత్రలో ఒక ప్రసిద్ధమైన మినహాయింపు ఉంది. 1848లో లూయీ పాశ్చర్, పాతికేళ్ళ కుర్రాడు, ఒక టార్టరేటు లవణం స్ఫటికాలని భూతద్దం కింద పెట్టి, కుడివాటంవీ ఎడమవాటంవీ చిమటాతో ఏరి రెండు కుప్పలు పోశాడు. విడివిడిగా నీళ్ళలో కరిగిస్తే ఒకటి కాంతి తలాన్ని కుడికి, ఇంకొకటి ఎడమకి తిప్పింది. అదృష్టం కూడా కలిసొచ్చింది. ఆ లవణం సుమారు 27 డిగ్రీల సెంటిగ్రేడు కన్నా చల్లగా ఉన్నప్పుడే అలా విడివిడి స్ఫటికాలు కడుతుంది. పాశ్చర్ మే నెలలో హైదరాబాదులో ఉండి ఉంటే ఆ ప్రయోగం ఫలించేది కాదు. పైగా చాలా మందులు ఇలా విడి స్ఫటికాలు కట్టవు. (కాంతిని తిప్పడం చూడాలనుంటే మీ ఆఫీసు బల్ల దగ్గరే చూడొచ్చు. తెల్లటి ఎల్.సి.డి. తెర ముందు గాజుగ్లాసులో కార్న్ సిరప్ పెట్టి, పోలరైజ్డ్ చలవ కళ్ళద్దాల్లోంచి చూస్తూ కళ్ళద్దాలు తిప్పండి. రంగులు మారతాయి. ఆ సిరప్‌లోని చక్కెర అణువులన్నిటిదీ ఒకే చేతివాటం.)

ఇక మన "కాలు" ఏదో చూద్దాం. బాగా వాడుకలో ఉన్నది సైక్లోడెక్స్ట్రిన్. పిండిపదార్థం మీద ఒక ఎంజైము పనిచేస్తే గ్లూకోజు అణువులు ఆరో ఏడో ఎనిమిదో ఉంగరంలా చుట్టుకుంటాయి. అడుగు లేని పూలకుండీ ఆకారం. ఏడు గ్లూకోజుల కుండీ లోపలి వెడల్పు సుమారు 0.6 నానోమీటర్లు. బయటి పక్కకి నీళ్ళంటే ఇష్టం, లోపలి పక్కకి జిడ్డంటే ఇష్టం. ఇంట్లో వాసనలు పోవడానికి కొట్టే ఫెబ్రీజ్‌లో ఉన్నది కూడా ఈ జాతిదే. కంపు అణువులు కుండీలో ఇరుక్కుపోతాయి. గ్లూకోజుకి చేతివాటం ఉంది కాబట్టి కుండీకీ ఉంది. మందు అణువులోని బెంజీన్ వలయం లాంటి ముక్క లోపలికి దూరితే, మిగతా చేతులు కుండీ అంచుని తాకుతాయి. ఒక రూపానికి ఆ తాకిడి సరిగ్గా కుదురుతుంది, ప్రతిబింబానికి ఒక చెయ్యి గాలిలో వేలాడుతుంది.

అయితే చెప్పు పోలికలో ఒక ముఖ్యమైన సంగతి దాగుంది. ఎడమ చెప్పులో కుడికాలు అసలు పట్టకపోవడం ఉండదు. పడుతుంది, కాస్త ఇబ్బందిగా. అణువులూ అంతే. తప్పు రూపం కూడా కుండీలో కూర్చుంటుంది, కాస్త తక్కువసేపు. సాధారణంగా సెలెక్టర్ దగ్గర ఒక రూపం 100 క్షణాలు ఆగితే రెండోది 105 క్షణాలు ఆగుతుందనుకోండి. ఈ 1.05 నిష్పత్తిని శక్తి లెక్కలోకి మారిస్తే, గది ఉష్ణోగ్రత దగ్గర, మోలుకి 0.12 కిలోజౌళ్ళు. ఒక మామూలు హైడ్రోజన్ బంధం 20 కిలోజౌళ్ళ దాకా ఉంటుంది. అందులో నూట అరవయ్యో వంతు తేడాని పట్టుకుని మందు మంచిదో కాదో తేల్చాలి!

ఒక్కసారి తాకితే తేలదు, వేలసార్లు తాకించాలి. కుడికాలికి ఎడమ చెప్పు వేసుకున్నవాడు పదడుగుల్లో వెనకబడడు, తిరుమల మెట్ల దారిలో వెనకబడతాడు. క్రొమటోగ్రఫీ అంటే ఆ మెట్ల దారి. గొట్టంలో సన్నటి సిలికా రేణువులు కూరి, వాటికి సెలెక్టర్ని అంటించి, ద్రవం పంపుతారు. మందు అణువులు కొంతసేపు ద్రవంతో కొట్టుకుపోతూ, కొంతసేపు సెలెక్టర్ దగ్గర ఆగుతూ వెళతాయి. దారి చివర రెండు గుంపులు వేరువేరు సమయాల్లో వస్తాయి. గొట్టంలో ఇలాంటి మెట్లు ఎన్నున్నాయో చెప్పే సంఖ్యని ప్లేట్ల సంఖ్య అంటారు.

కానీ గుంపు గుంపుగా రాదు, చెల్లాచెదరై వస్తుంది. ఇదే అసలు శత్రువు. పంపుతో నెట్టిన ద్రవం గొట్టం మధ్యలో వేగంగా, గోడ పక్కన నెమ్మదిగా పోతుంది. రేణువుల మధ్య వెడల్పు సందుల్లో పరుగు, ఇరుకు సందుల్లో నడక. ఒకే రకం అణువులు కూడా ముందూ వెనకా అయిపోతాయి. నెట్‌వర్కు మనుషులు దీన్ని జిట్టర్ అంటారు. రెండు సంకేతాల మధ్య ఉన్న ఆలస్యం కన్నా జిట్టర్ ఎక్కువైతే ఏది ఏదో చెప్పలేం. సందులు తగ్గించడానికి రేణువులని సన్నం చేస్తే, రేణువు సగమైనప్పుడల్లా కావలసిన పీడనం నాలుగింతలవుతుంది. పంపు ఎంతని నెడుతుంది?

పంపు తీసేసి కరెంటు పెట్టడమే ఎలెక్ట్రోక్రొమటోగ్రఫీలోని కిటుకు. వెంట్రుక మందంలో, అంటే 50 నుంచి 100 మైక్రోమీటర్ల లోపలి వ్యాసంతో, స్వచ్ఛమైన సిలికా గొట్టం తీసుకుంటారు. బయట పాలిఇమైడ్ పూత ఉంటుంది కాబట్టి విరక్కుండా వంగుతుంది. పొడవు 30 సెంటీమీటర్ల లాగా ఉంటుంది. రెండు కొసల మధ్య 25 వేల వోల్టులు పెడతారు. సిలికా ఉపరితలం నీళ్ళలో తన ప్రోటాన్లని వదులుకుని రుణావేశం పొందుతుంది. దాని పక్కన ధనావేశం ఉన్న అయాన్లు కొన్ని నానోమీటర్ల మందాన ఒక పొరలా చేరతాయి. కరెంటు పెట్టగానే ఆ పొర రుణధ్రువం వైపు జారుతూ, లోపలి ద్రవాన్నంతా తనతో ఈడ్చుకుపోతుంది. మధ్యలోంచి నెట్టేవాళ్ళు ఎవరూ లేరు, అంచుల నుంచి లాగుతున్నారు. అందువల్ల ద్రవం ముఖం బల్లపరుపుగా కదులుతుంది. ఇంకా బాగున్న సంగతేమంటే, ప్రతి సిలికా రేణువు చుట్టూ ఇదే జరుగుతుంది కాబట్టి వెడల్పు సందులోనూ ఇరుకు సందులోనూ వేగం దాదాపు ఒకటే. రేణువు సన్నమైనా పీడనం బెడద లేదు.

దీనివల్ల ఎంత లాభమో లెక్కవేద్దాం. రెండు శిఖరాలు ఎంత బాగా విడిపోయాయో చెప్పే సంఖ్యకి సూత్రం ఇది:

విడివి = (√ప ÷ 4) × ((ఎ − 1) ÷ ఎ) × (ని ÷ (1 + ని))

ఇందులో "ప" ప్లేట్ల సంఖ్య, "ఎ" ఇందాకటి 1.05 నిష్పత్తి, "ని" అణువు ద్రవంలో గడిపే కాలానికి సెలెక్టర్ దగ్గర ఆగే కాలం ఎన్నింతలో చెప్పేది. దీన్ని 2 అనుకుందాం. విడివి 1.5 దాటితే శిఖరాలు అడుగుదాకా విడిపోయినట్టు. మామూలు పంపు పద్ధతిలో, అంటే హెచ్.పి.ఎల్.సి.లో, కైరల్ గొట్టానికి 10,000 ప్లేట్లు వస్తే విడివి 0.79. రెండు శిఖరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అదే సెలెక్టర్‌తో కరెంటు పద్ధతిలో 40,000 ప్లేట్లు తెస్తే 1.59. గీత దాటింది. కెమిస్ట్రీ ఏమీ మారలేదు, జిట్టర్ తగ్గింది, అంతే. చేతివాటం లేని చిన్న అణువులకైతే ప్లేట్లు ఇంకా ఎక్కువ వస్తాయి. కైరల్ సెలెక్టర్ పట్టుకోవడం, వదలడం కాస్త మందకొడి వ్యవహారం కాబట్టి ఇక్కడ అంత ఆశపడకూడదు.

కరెంటుతో ద్రవాన్ని నడిపే ఆలోచనని 1974లో దక్షిణాఫ్రికాలో, ప్రిటోరియాలో, విక్టర్ ప్రిటోరియస్ బృందం ప్రయోగంలో చూపించింది. 1981లో అమెరికాలో జోర్గెన్సన్, లుకాక్స్ సన్నటి గొట్టాల్లో చేసి చూపాక, ఎడిన్‌బరోలో జాన్ నాక్స్ దాని సిద్ధాంతాన్ని గట్టిపరిచాడు. కుడి ఎడమల పనికి దీన్ని వాడినవాళ్ళలో ముందున్నవాళ్ళు జర్మనీలోని ట్యూబింగెన్‌లో మేయర్, షూరిగ్. 1992లో వాళ్ళు రేణువులు కూరలేదు, ఖాళీ గొట్టం లోపలి గోడకే సైక్లోడెక్స్ట్రిన్ పూత పూశారు. తరవాత ప్రోటీన్లు, వాంకోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు కూడా సెలెక్టర్లుగా వచ్చాయి. తన ప్రాణం కోసం బాక్టీరియాతో పోరాడే అణువుని తెచ్చి ఇంకో మందుకి కొలబద్దగా పెట్టడం నాకు భలే ముచ్చటేస్తుంది.

ఇంత బాగుంటే అందరూ ఇదే వాడాలి కదా? వాడటం లేదు. హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ కంపెనీలో పనిచేసే మీ బావమరిదినో క్లాస్‌మేట్‌నో అడగండి, కైరల్ పరీక్ష అంటే హెచ్.పి.ఎల్.సి. అనే చెబుతారు. కారణాలున్నాయి. రేణువులు బయటికి రాకుండా గొట్టంలో రెండు బిరడాలు కట్టాలి. రేణువులున్న చోట ఒక వేగం, ఖాళీ చోట ఇంకో వేగం కావడంతో ఆ బిరడాల దగ్గర గాలిబుడగ పుడుతుంది. బుడగ పుడితే కరెంటు తెగిపోతుంది, ఆ రోజుకి పని ఆగినట్టే. రెండు కొసలనీ పీడనంలో పెట్టడం, రేణువులకి బదులు గొట్టంలోనే స్పాంజి లాంటి ఏకశిలని పోతపొయ్యడం లాంటి చికిత్సలు వచ్చాయి. పిహెచ్ కొంచెం మారినా గోడ ఆవేశం మారి వేగం మారుతుంది. ధనావేశం ఉన్న మందులు, అవే ఎక్కువ, సిలికా గోడకి అంటుకుని తోకలు సాగదీస్తాయి. ఒక ప్రయోగశాలలో వచ్చిన సమయం ఇంకో ప్రయోగశాలలో అలాగే రావాలి అనేది ఔషధ నియంత్రణ వాళ్ళ మొదటి షరతు. "నా మెషీన్ మీద పనిచేసింది" అంటే అక్కడ కూడా ఒప్పుకోరు.

ఇంకో చిక్కు చూపు. శిఖరాన్ని చూడటానికి గొట్టం మీది పూతని ఒక చోట కాల్చేసి, ఆ కిటికీలోంచి అతినీలలోహిత కాంతి పంపుతారు. కాంతి దాటే దూరం గొట్టం వ్యాసం మాత్రమే, 75 మైక్రోమీటర్లు. హెచ్.పి.ఎల్.సి.లో మామూలుగా అది 10 మిల్లీమీటర్లు, నూటముప్పై రెట్లు ఎక్కువ. వెయ్యిలో ఒక వంతు తప్పు రూపం ఉందో లేదో చెప్పమన్నప్పుడు ఈ తేడా బాగా బాధిస్తుంది.

అక్కడే అనుభవం ఉన్నవాళ్ళు చూసే సంగతి ఇంకొకటుంది: ఏది ముందు రావాలి? పెద్ద శిఖరం ముందు వచ్చేస్తే దాని తోక కింద ఆ వెయ్యో వంతు చిన్న శిఖరం మునిగిపోతుంది. తప్పు రూపమే ముందు రావాలి. వరస తిరగబడాలంటే సెలెక్టర్‌కి ప్రతిబింబం కావాలి. ప్రయోగశాలలో సంశ్లేషించిన సెలెక్టర్లకి రెండు రూపాలూ దొరుకుతాయి. సైక్లోడెక్స్ట్రిన్‌కి ఆ సౌకర్యం లేదు. ప్రకృతి దాన్ని ఒకే వాటం గ్లూకోజుతో చేసింది. అప్పుడు వేరే పరిమాణం కుండీయో, వేరే తొడుగున్న కుండీయో వెతుక్కోవాలి.

మరి ఈ వెంట్రుక గొట్టం ఎక్కడ పనికొస్తుంది? ఒక 30 సెంటీమీటర్ల గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు పట్టేది 1.3 మైక్రోలీటర్లు, నీటిబొట్టులో నలభయ్యో వంతు. హెచ్.పి.ఎల్.సి. నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకి దాదాపు లీటరున్నర ద్రావకం తాగితే, ఇది రోజంతా నడిచినా అర మిల్లీలీటరు దాటదు. కిలోల లెక్కన మందుని వేరుచేయడం దీనివల్ల అయ్యే పని కాదు, అది స్ఫటికీకరణ వాళ్ళు చూసుకుంటారు. కొత్త సెలెక్టర్లు కనిపెట్టేవాళ్ళకి మాత్రం ఇది బాగా కలిసొస్తుంది. 4.6 మిల్లీమీటర్ల మామూలు గొట్టం నింపాలంటే రెండు మూడు గ్రాముల పదార్థం కావాలి. 100 మైక్రోమీటర్ల గొట్టానికి ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు, రెండు వేల రెట్లు తక్కువ. ఒక విద్యార్థి నెల రోజులు కష్టపడి చిటికెడు కొత్త సెలెక్టర్ తయారుచేస్తే, దాన్ని సిలికాకి అంటించి ఇందులో కూరి, పదిరకాల మందుల మీద పరీక్షించి చూడొచ్చు. కుడి ఎడమలు విడిపోతున్నాయని తేలాకే దాన్ని గ్రాముల్లో తయారుచేసి పంపు పెట్టిన పెద్ద గొట్టంలోకి ఎక్కిస్తారు.